కోతి జడ్జి, నక్క వకీలు, మా తాత దిష్టిబొమ్మ



నేను ఈ గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్ తేదీలు, హాస్టల్ సీట్ల సంగతులే పెడుతుంటాను. ఈసారి వేరే సంగతి. కొంచెం పొడుగు ఉంటుంది. బస్సులో కూర్చున్నప్పుడో, కరెంటు పోయినప్పుడో చదవండి. మధ్యలో ఆపేసినా ఏమీ అనుకోను.

మొన్న జూన్‌లో నెల రోజులు ముంబైలో ఉన్నాను. లా రెండో సంవత్సరం అయిపోయాక ఇంటర్న్‌షిప్ చెయ్యాలి కదా, మా సీనియర్ అక్క ఒకామె మాట సాయంతో అక్కడ ఒక వకీలు గారి దగ్గర చోటు దొరికింది. మా ఇంట్లో హైదరాబాద్ దాటి పోయినవాళ్ళు లేరు. నాయిన నాంపల్లి దాకా వచ్చి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి, కిటికీలోంచి ఒక పాత నల్ల గొడుగు లోపలికి ఇచ్చాడు. "అక్కడ వాన మన వాన లెక్క ఉండదంట బిడ్డా" అన్నాడు. ఆ గొడుగు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తెల్లారేసరికి రైలు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దింపింది. బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే అది స్టేషన్ అని అనిపించలేదు. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి. సింహం ఇంగ్లాండు, పులి మన దేశం అట. గోడల నిండా ఆకులు, నెమళ్ళు, రకరకాల జంతువులు. స్టీవెన్స్ అనే ఇంజనీరు గీసిన నమూనా అది, 1878లో మొదలై పదేళ్ళు కట్టారు. ఆ చెక్కడాల్లో చాలా వరకు బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులు పాలుపంచుకున్నవే. స్టూడెంట్లు! ఆ మాట తెలిశాక ఆ ఉడతల్ని, నెమళ్ళని ఇంకో రకంగా చూశాను. పరీక్ష కోసం చెక్కారో, ఆ పూట కూలి కోసం చెక్కారో కానీ, ఎవడో మనలాంటి కుర్రాడే అనిపించింది.

కానీ నేను రాయాలనుకున్నది స్టేషన్ గురించి కాదు. అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న హైకోర్టు గురించి.

ఊరు పేరు ముంబై అయినా కోర్టు పేరు ఇంకా బొంబాయి హైకోర్టే. ఆ కోర్టు 1862లో మొదలైంది, అప్పట్లో వేరే పాత బిల్డింగ్‌లో నడిచేది. ఇప్పుడున్న నల్లరాతి కట్టడాన్ని 1871 ఏప్రిల్‌లో మొదలుపెట్టి 1878 నవంబర్‌కి పూర్తి చేశారు. గీసింది కర్నల్ ఫుల్లర్ అనే మిలిటరీ ఇంజనీరు. మంజూరైన అంచనా 16,47,196 రూపాయలు, ఖర్చయింది 16,44,528 రూపాయలు. అంటే 2,668 రూపాయలు మిగిలాయి! మన దగ్గర ఆశ్రమ పాఠశాలకు ప్రహరీ గోడ కట్టినా అంచనా రెండుసార్లు పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క మీకు చెప్పకుండా ఉండలేకపోయాను. ముందు ఓవల్ మైదానం, అక్కడ వాన తెరిపి ఇస్తే చాలు క్రికెట్. మధ్యలో పెద్ద టవర్, దానికి పడమటి పక్క రెండు ఎనిమిది మూలల టవర్లు, వాటి మీద రెండు విగ్రహాలు. ఒకటి న్యాయం, ఒకటి దయ. 2018లో యునెస్కో వాళ్ళు ఈ చుట్టుపక్కల కట్టడాలన్నింటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు.

మా వకీలు గారికి ఒక పాత క్లర్క్ ఉన్నాడు, మరాఠీ ఆయన. అందరూ ఆయన్ని కాకా అని పిలుస్తారు. మన దగ్గర కూడా చిన్నాయనను కాకా అనే పిలుస్తాం కదా, నాకు నోరు తిరగటానికి ఇబ్బంది లేకపోయింది. మొదటి వారమంతా ఆయన వెనక ఫైళ్ళు మోసుకుంటూ తిరిగాను. ఏ కోర్టు హాలు ఎక్కడో, ఏ గుమాస్తా ఎప్పుడు టీకి పోతాడో అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఒకరోజు మా కేసు పిలవటానికి ఇంకా టైం ఉందని తెలిసి, "రా బేటీ, నీకు కోర్టు చూపిస్తా" అని తీసుకుపోయాడు.

ముందు తిలక్ గారి ఫలకం చూపించాడు. 1908లో రాజద్రోహం కేసులో ఆయనకు ఆరేళ్ళ శిక్ష వేసింది ఈ బిల్డింగ్‌లోనే. స్వాతంత్ర్యం వచ్చాక, 1956లో, అదే కోర్టు చీఫ్ జస్టిస్ చాగ్లా గారు ఆ ఫలకాన్ని ఆవిష్కరించారు. శిక్ష వేసిన ఇంట్లోనే శిక్ష పడినవాడికి గౌరవం. తర్వాత, అంబేద్కర్ గారు 1923 నుంచి వకీలుగా నడిచింది ఈ వరండాల్లోనే అని చెప్పాడు. నేను కాసేపు కింద రాళ్ళ వంక చూస్తూ నిలబడిపోయాను. కాకా అది గమనించినట్టున్నాడు, తొందరపెట్టలేదు.

"ఇప్పుడు అసలైనవాళ్ళని చూపిస్తా" అని నవ్వి, తల పైకెత్తమన్నాడు.

స్తంభాల పైభాగంలో, కమాను మొదలయ్యే చోట, ఆకులు తీగలు చెక్కి ఉన్నాయి. ఆ ఆకుల మధ్య ఏదో ఉంది. సరిగ్గా చూస్తే కోతి. చేతిలో తక్కెడ పట్టుకుంది. ఒక కన్నుకు గంత కట్టి ఉంది. ఒక కన్నుకే! రెండో కన్ను తెరిచే ఉంది. ఇంకోచోట నక్క. నక్క మెడలో వకీళ్ళు కట్టుకునే తెల్ల పట్టీలు, అవే, కాలర్ కింద రెండు నాలుకల్లాగా వేలాడే బ్యాండ్స్. మూతి ముందుకు చాపి ఏదో వాదిస్తున్నట్టే ఉంది.

నాకు పెద్దగా నవ్వొచ్చింది. కోర్టు వరండాలో అలా నవ్వకూడదని గుర్తొచ్చి చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

కాకా చెప్పిన కథ ఇది. బిల్డింగ్ కట్టేటప్పుడు చెక్కడం పనిలో కొంత భాగం ఒక పార్శీ సబ్ కాంట్రాక్టరు తీసుకున్నాడట. ఆయనకు అదే రోజుల్లో ఏదో దావా ఉంది, పాత కోర్టులో నడుస్తోంది. ఓడిపోయాడు. అన్యాయంగా ఓడిపోయానని ఆయన కడుపు మండింది. జడ్జిని ఏమైనా అంటే కోర్టు ధిక్కారం. పేపర్లో రాస్తే జైలు. చేతిలో ఉన్నది రాయి. ఆ జడ్జీలే వచ్చి కూర్చోబోయే కొత్త కోర్టు స్తంభం మీద ఒంటికన్ను కోతిని, నక్క వకీలును చెక్కించి పెట్టాడు. బిల్లు కూడా సర్కారు దగ్గరే వసూలు చేసుకుని ఉంటాడు అని కాకా తన సొంత మాట ఒకటి కలిపాడు. దొరలు దాని కిందనే నడిచారు. దొరలు పోయారు, మన వాళ్ళు వచ్చారు, వాళ్ళూ దాని కిందనే నడుస్తున్నారు. ఎవరూ ఉలి పెట్టి తీసెయ్యలేదు.

ఈ కథ బొంబాయి వకీళ్ళందరికీ తెలుసు. ఒకరి నుంచి ఒకరికి నోటిమాటగా వస్తున్నదే. నేను రూముకు వచ్చాక దీని మీద చాలాసేపు ఆలోచించాను. యూరప్‌లో పాత చర్చీల్లో బాతులకు నీతులు చెప్పే నక్కను చెక్కే అలవాటు వందల ఏళ్ళ కిందటే ఉంది. ఈ హైకోర్టు కట్టిన పద్ధతి కూడా ఆ చర్చీల పద్ధతే. కాబట్టి నక్క అక్కడి నుంచి వచ్చిందే అని ఎవరైనా అనొచ్చు. కానీ తక్కెడ పట్టుకున్న కోతి? అది మన కథే కదా! రొట్టె కోసం కొట్లాడుకున్న రెండు పిల్లులు, తీర్పు చెప్పటానికి వచ్చిన కోతి. ఇటు కొంచెం ఎక్కువైందని ఒక ముక్క కొరికి, అటు ఎక్కువైందని ఇంకో ముక్క కొరికి, చివరికి రొట్టంతా మింగి చెట్టెక్కిన కోతి. ఆశ్రమ పాఠశాలలో మా టీచరమ్మ ఆ కథకు మమ్మల్నే పిల్లుల్ని చేసి ఆడించేది. నేను ఎప్పుడూ రెండో పిల్లినే. ఆ సబ్ కాంట్రాక్టరు మనసులో ఉన్నది చర్చి బొమ్మ కాదు, ఈ రొట్టె కథే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒక కన్ను గంత సంగతి కూడా చూడండి. న్యాయదేవతకు రెండు కళ్ళకూ గంతలు కడతారు, ఎదురుగా ఉన్నది ఎవరో చూడకుండా తీర్పు చెప్పాలని. మన సుప్రీంకోర్టులో పెట్టిన కొత్త విగ్రహానికి గంతలు తీసేశారు, చేతిలో కత్తి బదులు రాజ్యాంగం పెట్టారు. ఈ రెంటికీ ఏదో ఒక లెక్క ఉంది. ఒంటికన్ను గంతకే వేరే లెక్క. చూడాల్సిన వైపు మూసి, చూడాలనుకున్న వైపు తెరిచి పెట్టుకోవటం. ఇంత చిన్న రాతి ముక్కలో ఇంత మాట చెప్పినవాడు మామూలువాడు కాదు.

అయితే చెక్కింది సబ్ కాంట్రాక్టరా? కాదు కదా. ఆయన చెక్కమన్నాడు. చెక్కింది ఎవరో కూలివాడు. కథలో వాడికి పేరు లేదు, ఊరు లేదు. ముంబైలో కామాఠీపుర అని ఒక పేట ఉంది, వేరే రకంగా ఆ పేరు మీరు వినే ఉంటారు. కానీ ఆ పేరు వచ్చింది కామాఠీల వల్ల. కామాఠీలంటే నిజాం ఇలాకా నుంచి, మన తెలుగు ఊళ్ళ నుంచి వచ్చి ఆ నగరంలో రాళ్ళు, సున్నం మోసి బిల్డింగులు కట్టిన కూలీలు. వాళ్ళ మనవల మనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడతారు. ఇది విన్నాక ఆ నగరంలో కొంచెం ధైర్యంగా నడిచాను.

ఇక అసలు సంగతి.

జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం కోర్టు నుంచి బయటికి వస్తుంటే వాన దంచింది. నాయిన ఇచ్చిన గొడుగు తెరిస్తే గాలికి తిరగబడి, రెండు ఊచలు విరిగి, గుడ్డ ఊడి వేలాడింది. చెట్టు కింద నిలబడి ఆ నల్లగుడ్డను ఊచల నుంచి విడదీస్తున్నాను. మధ్యలో గుండ్రటి బెజ్జం ఉంది కదా, గొడుగు కర్ర వచ్చేది. ఆ బెజ్జాన్ని చూస్తుంటే ఎక్కడో చూసినట్టు అనిపించింది. తల దూర్చే బెజ్జం. గొడుగు గుడ్డకు తల దూర్చిందెవరు?

మా తాత చేనులో దిష్టిబొమ్మ.

నాకు అయిదారేళ్ళప్పుడు. జొన్న చేను. రెండు కర్రలు అడ్డంగా కట్టి, దాని మీద మాడిన కుండ బోర్లించి, సున్నంతో కళ్ళు పెట్టాడు తాత. అందరి చేలల్లో దిష్టిబొమ్మకు చిరిగిన చొక్కా తొడుగుతారు. మా తాత మాత్రం పాత గొడుగు గుడ్డ తొడిగాడు, నల్లగా, పెద్ద కోటులాగా. మెడ దగ్గర పాత పంచెలో నుంచి చింపిన రెండు తెల్ల పీలికలు కట్టాడు. ముడి వేసి, కిందికి రెండు నాలుకల్లాగా వేలాడేట్టు. పొద్దున్నే చేనుకు పోగానే దాని ముందు నిలబడి దండం పెట్టేవాడు. "దండాలు వకీలు సాబూ! ఇయ్యాల వాయిదా ఉందా, మళ్ళీ పడిందా?" అనేవాడు. నేను పక్కన నిలబడి గొంతు మార్చి "పడింది, పడింది! పైసలు తీసుకురా!" అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్ళం. పిట్టలు మాత్రం ఒక్కటీ భయపడేవి కావు. దాని భుజం మీదే కూర్చుని కంకులు తినేవి.

అది ఆట అనుకున్నాను. పదిహేనేళ్ళు అది ఆటే అనుకున్నాను. ఆ చెట్టు కింద, నక్క మెడలో చూసిన పట్టీలు గుర్తొచ్చి, చేతిలో గొడుగు గుడ్డ పట్టుకుని నిలబడిపోయాను. తడిశానో లేదో కూడా తెలియలేదు.

రాత్రి నాయినకు ఫోన్ చేశాను. "తాత చేనులో పెట్టిన బొమ్మ ఎవరు నాయినా?" అని అడిగాను. కాసేపు పలకలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత అన్నాడు, "ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఎవరూ చెప్పలేదు, ఒక నక్క చెప్పింది అన్నాను.

మాకు రోడ్డు పక్కన మూడెకరాల ఇరవై కుంటల చేను ఉండేదని నాకు తెలుసు. పోయిందని కూడా తెలుసు. ఎలా పోయిందో మా ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మీ ఇళ్ళల్లోనూ అంతే అయి ఉంటుంది. నాయిన ఆ రాత్రి చెప్పాడు. ముత్తాత కాలంలో కరువొచ్చి, గింజలు అప్పు ఇచ్చినాయనకు రెండు పంటలు చేసుకోమని చేను అప్పగించారట. రెండు పంటలు పోయి ఇరవై పంటలయ్యాయి. తాత పెద్దవాడయ్యాక, వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉందని ఎవరో చెబితే, కేసు వేశాడు. ఆ చట్టం గురించి మీకు చెప్పేదేముంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను వేరేగా రుజువు చేసుకునే దాకా, గిరిజనుడి దగ్గర నుంచి పోయినదే అని చట్టం అనుకుంటుంది. పేపరు మీద అంత గట్టిగా ఉంది.

తొమ్మిదేళ్ళు తిరిగాడు. వాయిదా రోజు నాలుగింటికి లేచి, గంజి తాగి, బస్సు దొరికే ఊరి దాకా నడిచి. ఒక వకీలును పెట్టుకున్నాడు. ఆయన వాయిదాకింత అని తీసుకునేవాడు. ముందు మేకలు పోయాయి, తర్వాత కాడెద్దుల్లో ఒకటి. చివరి వాయిదా రోజు ఆ వకీలు రానేలేదు. అవతలివాళ్ళు చట్టానికి ముందటి తేదీతో ఒక పాత కాగితం పెట్టారు, ముత్తాత అమ్మేసినట్టు, వేలిముద్రతో సహా. కేసు కొట్టేశారు.

"ఇంటికొచ్చి ఏడ్వలేదు, అరవలేదు. తెల్లారి పోయి ఆ బొమ్మ కట్టిండు" అన్నాడు నాయిన. "నువ్వు వకీలు చదువుతా అన్నప్పుడు చెప్దామనుకున్నా. ఏమో, నీకు మనసు విరుగుద్దేమోనని ఊకున్న."

నేనేం మాట్లాడలేకపోయాను. కాసేపటికి నాయినే, "ఆ నక్క సంగతేంది?" అని అడిగాడు. కోతి గురించి, నక్క గురించి మొత్తం చెప్పాను. ఫోన్‌లో నాయిన అంత గట్టిగా నవ్వటం ఎప్పుడూ వినలేదు. "రాయి మీదనా? కోర్టు లోపలనా? అమ్మో, ఆ మనిషి మొనగాడే!" అన్నాడు. తర్వాత, "మన ముసలోడికి రాయి దొరకలే" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ సలుపుతోంది. ఆ సబ్ కాంట్రాక్టరు ఓడినా కాంట్రాక్టు పోలేదు. రాయి ఆయనదే, కూలీలు ఆయనవాళ్ళే. ఆయన వెక్కిరింపు నూట నలభై ఏళ్ళు దాటి నిలిచింది, యునెస్కో జాబితాలో కూడా చేరింది. మా తాత వెక్కిరింపు ఒక్క కారు పంట నిలిచింది, మాఘం వచ్చేసరికి కుండ పగిలింది. ఇద్దరికీ తట్టిన ఊహ మాత్రం ఒకటే. నక్క మెడకూ కుండ మెడకూ అవే రెండు పీలికలు. బొంబాయి గురించి మా తాతకు ఎవరూ చెప్పి ఉండరు.

మిగిలిన రోజుల్లో మళ్ళీ మళ్ళీ ఆ కోతి దగ్గరికి పోయేదాన్ని. కానీ మొదటిరోజు నవ్వినట్టు నవ్వలేకపోయాను. కోర్టు పక్కనే రాజాబాయి టవర్ ఉంది, యూనివర్సిటీది, అదీ 1878లోనే పూర్తయింది. దాని మీద పడమటి ఇండియా కులాల, తెగల మనుషుల బొమ్మలు 24 చెక్కారు. తలపాగాలు, నగలు, బట్టలు ఎవరివి వాళ్ళకే. చాలా అందంగా ఉంటాయి. వాటిని చూస్తే నాకు మన ఏజెన్సీ ఆఫీసుల ప్రహరీ గోడలు గుర్తొచ్చాయి. ఈమధ్య ఎక్కడ చూసినా రంగులేసి మన బొమ్మలు గీస్తున్నారు కదా, కొమ్ముకోయ నాట్యం, గుస్సాడీ టోపీ, విల్లంబు పట్టుకున్న తాత. గోడ మీది మనిషి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, ఎప్పుడూ డాన్స్ చేస్తూనే ఉంటాడు. గోడ పక్కన ఎండలో అర్జీ పట్టుకుని కూర్చున్న మనిషి వేరే. మనల్ని చూసి ఎవరో గీసిన బొమ్మలు అవి. ఆ కోతి అలాంటిది కాదు. కింద నిలబడి ఓడిపోయినవాడు, పైన కూర్చున్నవాణ్ణి చూసి చెప్పిన బొమ్మ అది. గోడ మీద మన బొమ్మ ఉన్నందుకు నాకు సంతోషం లేదని కాదు. కానీ ఆ గోడ గీసే పని మన పిల్లల చేతికే ఇచ్చి, ఏం గీస్తారో మీ ఇష్టం అంటే, ఏం గీస్తారు? నాకు తెలిసి ఒక్కడు కూడా టోపీ పెట్టుకుని డాన్స్ చేస్తున్నట్టు గీయడు.

దసరాకు ఇంటికి పోయాను. నాయిన అటక మీది నుంచి రేకు పెట్టె దించాడు. అందులో తాత వాయిదా చీటీలు దారంతో కుట్టి ఉన్నాయి, పాత బస్ టికెట్లు కూడా వాటితోనే. అడుగున ఆర్డర్ కాపీ. రెండున్నర పేజీలు, ఇంగ్లీషులో. మా ఇంట్లో ఇంతకాలం దాన్ని ఎవరూ చదవలేదు. చదివేవాళ్ళు లేరు కాబట్టి. నేను చదువుతూ నాయినకు తెలుగులో చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచే వింటోంది.

తాత చెప్పిన సాక్ష్యం ఒక పేరాలో ఉంది. రెండు పంటలకే ఇచ్చామని మా అయ్య నాతో చెప్పాడు, ఊరి పెద్దలకూ తెలుసు అని. కింద ఒక్క లైన్‌లో దాన్ని తీసేశారు. ఇది ఒకరు చెప్పగా విన్నమాట మాత్రమే, సాక్ష్యంగా పనికిరాదు అని.

లా చదివేవాళ్ళకు ఇది నేర్పుతారు. సాక్ష్యాల చట్టం, 1872. సెక్షన్ 60. నోటి సాక్ష్యం నేరుగా ఉండాలి, చూసిన సంగతి చూసినవాడే చెప్పాలి, విన్న సంగతి విన్నవాడే చెప్పాలి. ఇప్పుడు దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, 2024 జులై నుంచి నడుస్తోంది, ఈ సూత్రం మాత్రం మారలేదు. సూత్రం తప్పని నేను అనను. పుకార్ల మీద మనుషుల్ని జైలుకు పంపకుండా ఆపేదీ అదే. కానీ 1872 అంటే ఏమిటో చూడండి. బొంబాయిలో ఆ నల్లరాయి కట్టడం లేస్తున్న రోజులు. చట్టం కలకత్తాలో కాగితం మీదికి వచ్చింది, కోతి ఇక్కడ రాయి మీదికి వచ్చింది. కోతి ఎందుకు వచ్చిందో చెప్పే కథ ఒకరు చెప్పగా ఒకరు విన్నదే. పెద్ద పెద్ద వకీళ్ళు, బహుశా జడ్జీలు కూడా, నవ్వుతూ తర్వాతివాళ్ళకు చెబుతున్నారు, నమ్ముతున్నారు. కాగితం అడగరు. మా ముత్తాత మాటకు మాత్రం కాగితం కావాలి. కాగితం అవతలివాళ్ళ దగ్గరే ఉంది.

కోర్టులంటే నాకు విరక్తి వచ్చిందని రాయటం లేదు. 1997లో సమతా తీర్పు కూడా కోర్టు నుంచే వచ్చింది. ఏజెన్సీలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పిన తీర్పు. బొర్రా పక్క ఊళ్ళ వాళ్ళు దాని కోసం ఏళ్ళ తరబడి నడిచారు. ఆ నడకే మా తాతదీ. వాళ్ళు గెలిచారు, ఈయన ఓడిపోయాడు. నేను చదువు మానను. నాలుగేళ్ళలో ఆ రెండు తెల్ల పట్టీలు నా మెడలోకి వస్తాయి, అప్పుడు ఎవరి తాతయినా చేనులో నన్ను నిలబెట్టి దండం పెడతాడేమో అన్న భయం మాత్రం పట్టుకుంది. వాయిదాకు పోకుండా ఎగ్గొట్టాలనిపించిన రోజున ఆ కుండ మొహం గుర్తొస్తే చాలు.

ఆ పాత కాగితం అసలు కాపీ కోసం దరఖాస్తు పెట్టాను. ముత్తాత వేలిముద్ర, అది ఆయనదేనా, ఆ స్టాంపు పేపరు ఆ కాలానిదేనా, చూడాలి. ఇన్నేళ్ళ తర్వాత కేసు మళ్ళీ తెరుచుకుంటుందా అని మా ప్రొఫెసర్‌ను అడిగాను, ముందు కాగితం చేతికి రానివ్వు అన్నారు. ఇలాంటి పాత ఆర్డర్లు మీ ఇళ్ళల్లో రేకు పెట్టెల్లో ఉంటే, ఇంగ్లీషులో ఉన్నాయని అలాగే వదిలెయ్యకండి. ఫోటో తీసి నాకు పంపండి, చదివి తెలుగులో చెబుతాను. గెలిపిస్తానని చెప్పటం లేదు, చదివి చెబుతాను.

తిరుగు ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే నాయినతో కలిసి మిగిలిన ఎకరం చేనుకు పోయాను. జొన్న పాలు పోసుకుంటోంది, చిలకలు గుంపులుగా దిగుతున్నాయి. మధ్యలో దిష్టిబొమ్మ. బోర్లించిన కుండ, సున్నం కళ్ళు, ముంబైలో విరిగిన నా గొడుగు గుడ్డే ఒంటి మీద. నేను దాన్ని సంచిలో పెట్టి తెచ్చింది పారేద్దామని కాదు కానీ, ఇందుకని కూడా నేను అడగలేదు.

మెడ ఖాళీగా ఉంది.

"పీలికలు కట్టలేదేం నాయినా?" అన్నాను.

"నువ్వు వకీలువు కాబోతున్నవు కదా బిడ్డా. బాగుండదని."

తలకు కట్టుకున్న తుండుగుడ్డ ఇమ్మన్నాను. అంచు పళ్ళతో కొరికి రెండు పీలికలు చింపాను. కుండ కింద కర్రకు ముడివేసి, రెండూ సమానంగా వేలాడేట్టు సర్దాను. నాయిన ఒక అడుగు వెనక్కి పోయి చూసి, చేతులు జోడించి, "దండాలు వకీలమ్మా, ఇయ్యాల వాయిదా ఉందా?" అన్నాడు.

ఉంది నాయినా, పోయొస్తా అన్నాను. చిలకలు అప్పటికే దాని భుజం మీద వాలాయి.